ఎర్రబంతి నేర్పే పాఠం

టెన్నిస్ బంతి పోటీకి పనికొస్తుందో లేదో తేల్చడానికి ఒక సాదా పరీక్ష ఉంది. గట్టి కాంక్రీటు నేల మీదికి 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, అంటే సరిగ్గా వంద అంగుళాల నుంచి, బంతిని ఊరికే జారవిడుస్తారు. పెద్దల ఆటలో వాడే మామూలు పసుపు బంతి 135 నుంచి 147 సెంటీమీటర్ల మధ్య పైకి లేవాలి. అంతకు తగ్గినా, మించినా ఆ బంతిని పక్కన పెట్టేస్తారు. ఇప్పుడు ఆ బంతి లేచే చోట ఒకటో తరగతి చదివే పిల్లను నిలబెట్టి చూడండి. ఆరేళ్ల పిల్లల సగటు ఎత్తు సుమారు 115 సెంటీమీటర్లు. పరీక్షలో నెగ్గిన బంతి ఆ పిల్ల తల మీంచి పోతుంది. ఆటలో నెట్ మీంచి వంపు తిరిగి వచ్చే బంతి ప్రతిసారీ అంత ఎత్తు లేవకపోయినా, భుజాల దాకానో ముఖం దాకానో రావడం మామూలే. మనిషి రాకెట్‌ను హాయిగా తిప్పగలిగేది నడుము ఎత్తులో. పసిపిల్లలకు టెన్నిస్ ఎలా నేర్పాలి అన్న ప్రశ్నకు జవాబును కోచ్ చెప్పే మాటల్లో కంటే ముందు ఈ ఎత్తుల లెక్కలో వెతకాలి. ఆ వయసులో బంతి, బరి, ఆట నియమం, ఈ మూడే అసలు గురువులు. వాటిని పిల్లకు సరిపోయేలా అమర్చడమే కోచ్ చేయవలసిన పెద్ద పని. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది అదే.

ఒక చిన్న త్రైరాశికం వేసి చూద్దాం. ఆరేళ్ల పిల్ల ఎత్తుకూ 175 సెంటీమీటర్ల పెద్దమనిషి ఎత్తుకూ ఉన్న నిష్పత్తి ఒకటికి ఒకటిన్నర. నెట్ ఎత్తు మధ్యలో 91.4 సెంటీమీటర్లు. అది ఆ పిల్లకు ఎలా కనిపిస్తుందో పెద్దాయనకు తెలియాలంటే నెట్‌ను 137 సెంటీమీటర్లకు, దాదాపు ఆయన భుజాల దాకా, ఎత్తి కట్టాలి. 23.77 మీటర్ల కోర్టును 36 మీటర్లకు సాగదీయాలి. 27 అంగుళాల రాకెట్ బదులు మీటరుకు మించిన రాకెట్ చేతికివ్వాలి. బంతి పరీక్షలో రెండు మీటర్లకు పైగా లేవాలి. అలాంటి కోర్టులో దించితే ఎంతటి చురుకైనవాడైనా వెనక్కి వెనక్కి నడుస్తాడు, బంతి కిందికి దిగేదాకా ఆగుతాడు, ఆ తర్వాత ఎలాగోలా నెట్ దాటించాలని గాల్లోకి బాదుతాడు. పిల్లలు సరిగ్గా అదే చేస్తారు. దాన్ని చూసి మనం "పద్ధతి రాలేదు" అంటాం. వాళ్లకు వచ్చిన పద్ధతి ఆ కోర్టుకు సరిపోయిన పద్ధతే.

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య ఈ సంగతిని అధికారికంగా ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. కొత్తవాళ్లు మొదటి రోజే సర్వ్ చేసి, ర్యాలీ ఆడి, పాయింట్లు లెక్కపెట్టుకోగలగాలి అన్న ఆలోచనతో 2007లో అది ఒక ప్రచారం మొదలుపెట్టింది. ఆ తర్వాత నియమాన్నే మార్చింది. 2012 జనవరి నుంచి పదేళ్లు, అంతకు లోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదు. దాని బదులు మూడు మెట్లు వచ్చాయి. మొదటి మెట్టు ఎర్రబంతి, దాదాపు 11 మీటర్ల పొడవు, ఐదున్నర మీటర్ల వెడల్పు ఉండే బుల్లి కోర్టు, 80 సెంటీమీటర్ల నెట్. రెండోది నారింజ బంతి, 18 మీటర్ల కోర్టు. మూడోది పూర్తి కోర్టులో ఆకుపచ్చ బంతి. పసుపు బంతితో పోలిస్తే ఎర్రది 75 శాతం, నారింజది 50 శాతం, ఆకుపచ్చది 25 శాతం నెమ్మది అని సమాఖ్య లెక్క. ఎర్రబంతిని అదే వంద అంగుళాల నుంచి వదిలితే 90 నుంచి 105 సెంటీమీటర్లే లేస్తుంది. అంటే పసుపు బంతి పడిన ఎత్తులో సగానికి పైగా తిరిగి లేస్తే, ఎర్రది ఐదింట రెండు వంతుల దగ్గర ఆగిపోతుంది. బరువు తక్కువ, చుట్టుకొలత ఎక్కువ కాబట్టి గాలి దాన్ని మరింత అడ్డుకుంటుంది. పిల్ల కంటికి బంతి పెద్దదిగా కనిపిస్తుంది, నెమ్మదిగా వస్తుంది, చేతికి అందే ఎత్తులో ఆగుతుంది. కళ్లు చూసినదానికి కాళ్లు కదిలి చేయి చేరుకునే ఆ రెండు మూడు క్షణాలను ఎంత మంచి కోచ్ అయినా మాటలతో ఇవ్వలేడు. వాటిని బంతే ఇవ్వాలి.

రాకెట్ విషయం కూడా ఇంతే, కాని ఇక్కడ తల్లిదండ్రులు ఎక్కువగా మోసపోతారు. "ఎదిగే పిల్ల కదా, రెండేళ్లు పనికొస్తుంది" అని చొక్కా కొన్నట్టు ఒక సైజు పెద్దది కొంటారు. చొక్కా వదులైతే మడుచుకోవచ్చు, రాకెట్‌కు ఆ వీలు లేదు. ఒక కర్రను తిప్పడానికి పట్టే శ్రమ దాని బరువుతో పాటు పొడవు వర్గాన్ని బట్టి కూడా పెరుగుతుంది. 21 అంగుళాల రాకెట్ బదులు 27 అంగుళాలది ఇస్తే పొడవు మూడో వంతు కూడా పెరగలేదు, కాని పొడవు వల్లే తిప్పే భారం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. దానికి అదనపు బరువు కూడా కలిస్తే మొత్తం రెండింతలకు పైగా అవుతుంది. పిల్ల మణికట్టు ఆ భారాన్ని మోయలేక మడత పడుతుంది, మోచేయి పొట్టకు అతుక్కుంటుంది, పిడి మీద పట్టు పైపైకి జారుతుంది. ఆ వంకరలన్నీ పిల్లలో ఉన్న లోపాలుగా కనిపిస్తాయి. కొన్నది ఒక సైజు తగ్గించి చూస్తే వాటిలో చాలావరకు మాయమవుతాయి.

ఇది ఊహ మాత్రమే కాదు, కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. ఆస్ట్రేలియాలో డేమియన్ ఫారో, మచార్ రీడ్ అనే పరిశోధకులు ఎనిమిదేళ్ల ప్రాయపు కొత్త పిల్లలను జట్లుగా విడదీసి ఐదు వారాలు నేర్పించారు. కొందరికి మామూలు బంతి, మామూలు కోర్టు. కొందరికి నెమ్మది బంతి, చిన్న కోర్టు. మిగిలినవాళ్లకు వాటి కలగలుపు. 2010లో వెలువడిన ఆ ఫలితాల్లో పెద్దల బంతితో పెద్దల కోర్టులో ఆడిన జట్టు అందరికంటే వెనకబడింది. ఆ పిల్లలకు బంతిని కొట్టే అవకాశాలే తక్కువ వచ్చాయి, వచ్చినవాటిలో సఫలమైనవి ఇంకా తక్కువ. 2014లో టిమ్ బజార్డ్ బృందం ప్రాథమిక పాఠశాల పిల్లలు 80 మందికి మూడు సైజుల రాకెట్లు, మూడు రకాల బంతులు మార్చి మార్చి ఇచ్చి ఫోర్‌హ్యాండ్ కొట్టించింది. అతి చిన్న రాకెట్, అతి మెత్తని బంతి కలిసినప్పుడే పిల్లలు బాగా ఆడారు. ఇందులో గమనించవలసిన మాట ఇంకొకటి ఉంది. రాకెట్‌ను కిందినుంచి పైకి తిప్పడం, బంతిని ఒంటికి ముందుగా, పక్కగా కలుసుకోవడం, కోచ్‌లు నెలల తరబడి గొంతు చించుకుని చెప్పే ఈ రెండు పాఠాలూ ఎవరూ చెప్పకుండానే ఆ పిల్లల ఆటలో ఎక్కువగా కనిపించాయి. అదే ఏడాది ఆ బృందమే మరో పరీక్ష చేసింది. ఆడుతూనే లెక్కపెట్టే పని కూడా పిల్లలకు అప్పగించింది. నైపుణ్యం తక్కువ ఉన్న పిల్లలు పెద్ద సామగ్రితో ఆడినప్పుడు ఆ రెండో పని వల్ల తడబడ్డారు, చిన్న సామగ్రితో అంతగా తడబడలేదు. అంటే తగిన సామగ్రి ఉన్నప్పుడు ఆట బుర్రను తినేయదు. బుర్రలో కొంత చోటు ఖాళీగా మిగులుతుంది, ఎదుటివాడు ఎక్కడున్నాడో చూడటానికి ఆ చోటు కావాలి.

ఈ అధ్యయనాలకు ఒక పరిమితి ఉంది, దాన్ని దాచడం తగదు. వీటిలో చాలావరకు కొన్ని వారాలవి, కొన్ని ఒక్క రోజువి. పదేళ్ల తర్వాత ఏ పిల్ల ఎంత గొప్పగా ఆడిందో ఇవి చెప్పవు. కాని మొదటి మెట్టు దగ్గర మనకు కావలసిన ప్రశ్న కూడా అది కాదు. పిల్ల ఇవాళ ఎన్నిసార్లు బంతిని సరిగా తాకింది, రేపు మళ్లీ వస్తానంటుందా, ఈ రెండింటికీ పై ఫలితాలు సూటిగా జవాబిస్తాయి.

సామగ్రి కుదిరింది అనుకుందాం, ఇక నేర్పే తీరు. మన దగ్గర వేసవి శిబిరాల్లో కనిపించే పద్ధతి ఒకటే: పిల్లలు వరసలో నిలబడతారు, కోచ్ బుట్టలోంచి బంతి తీసి వేస్తాడు, ఒకరు కొట్టి వరస చివరికి పోతారు. దీన్ని లెక్కగట్టి చూద్దాం. వరసలో ఎనిమిది మంది, ఐదు సెకన్లకో బంతి అనుకుంటే నిమిషానికి పన్నెండు బంతులు, ఒక్కొక్కరికి ఒకటిన్నర. అరగంటలో ఒక పిల్ల కొట్టేది 45 సార్లు, మిగతా కాలమంతా నిలబడటమే. ఒక పెద్ద కోర్టులో నాలుగు నుంచి ఆరు ఎర్రకోర్టులు పడతాయి. ఆ ఎనిమిది మందినే నాలుగు జంటలు చేసి వాటిలో దించితే? సగం కాలం బంతులు ఏరుకోవడానికే పోయిందనుకున్నా, మిగిలిన పావుగంటలో మూడు సెకన్లకో దెబ్బ చొప్పున ఒక్కొక్కరు 150 సార్లు కొడతారు. అంకెలు అటూ ఇటూ అయినా తేడా చెరిగిపోయేది కాదు. పైగా కోచ్ చేతిలోంచి వచ్చే బంతి ఎప్పుడూ ఒకే చోట పడుతుంది, కాళ్లకు పని ఉండదు. తోటి పిల్ల కొట్టిన బంతి ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. టెన్నిస్ అంటే ఆ తెలియనిదాన్ని ఎదుర్కోవడం.

ఈ చివరి మాట వెనక శతాబ్దపు విజ్ఞానం ఉంది. 1920ల్లో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టీన్ అనే శాస్త్రవేత్త అనుభవజ్ఞులైన కార్మికులు సుత్తితో ఉలిని కొట్టే తీరును కెమెరాతో పట్టి కొలిచాడు. పనిలో ఆరితేరినవాడి చేయి ప్రతిసారీ ఒకే దారిలో కదులుతుందని మనం అనుకుంటాం. ఆయనకు కనిపించింది వేరు. సుత్తి ప్రతిసారీ గురికే తగులుతోంది, కాని భుజం, మోచేయి, మణికట్టు ప్రతిసారీ కాస్త వేరే దారిలో కదులుతున్నాయి. ఒక కీలు కొంచెం తప్పితే ఇంకో కీలు సర్దుకుంటోంది. నైపుణ్యం అంటే ఒకే కదలికను వల్లె వేయడం కాదనీ, ఒకే సమస్యను ప్రతిసారీ కొత్తగా పరిష్కరించడమనీ ఆయన తేల్చాడు. ఇనప్పనికి అది నిజమైతే, ఏ రెండు బంతులూ ఒకేలా రాని టెన్నిస్‌కు ఇంకెంత నిజం! 1986లో కార్ల్ న్యూవెల్ ఈ ఆలోచనను ఇంకొంచెం ముందుకు తీసుకుపోయి, కదలిక మూడు హద్దుల మధ్య పుడుతుందన్నాడు: ఆడేవారి శరీరం, చుట్టూ ఉన్న పరిసరం, అప్పగించిన పని. మొదటిది పిల్లది, దాన్ని మనం మార్చలేం. మిగతా రెండూ కోచ్ చేతిలోనివి.

ఆటలు ఇక్కడికి వస్తాయి. పిల్లలను నవ్వించడానికి పాఠం చివర ఇచ్చే బెల్లం ముక్కలా ఆటను చూసేవాళ్లు చాలామంది. మంచి ఆట ఆ పని కూడా చేస్తుంది, కాని దాని అసలు పని వేరు. నియమంలోనే పాఠాన్ని ఇమడ్చడం. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు పిల్లలు బంతిని నేల మీద దొర్లించుకుంటూ, వెనకున్న గీత దాటకుండా ఆపుకునే ఆట తీసుకోండి. అయిదేళ్ల పిల్ల కూడా ఆడగలదు. అందులో బంతి దారిని కంటితో వెంబడించడం ఉంది, అది వచ్చే చోటికి ముందే చేరడం ఉంది, ఎదుటివాడి ఖాళీ చోటు చూసి అటు పంపడం ఉంది. రాకెట్ పట్టకముందే టెన్నిస్ సగం వచ్చేసింది. తర్వాత బంతిని ఎగరేసి, ఒక్కసారి నేలకు తగిలి లేచాక ప్లాస్టిక్ మగ్గుతో పట్టుకునే ఆట. ఒంటికి ముందుగా, నడుము ఎత్తులో, లేచిన బంతి దిగుతున్న క్షణంలో పట్టినవాళ్లకే అది చిక్కుతుంది. రేపు రాకెట్‌తో కొట్టవలసిన చోటు కూడా అదే. ఆ తర్వాత చేతితో విసిరి ఆడే టెన్నిస్: తాడు మీంచి విసరడం, ఒక బౌన్సు తర్వాత పట్టుకోవడం, పట్టుకున్న చోటి నుంచే తిరిగి విసరడం. ఎదుటివాడిని ఒక మూలకు లాగి ఇంకో మూలకు విసరాలన్న ఉపాయాన్ని ఎవరూ చెప్పనక్కరలేదు, రెండు పాయింట్లు పోగానే పిల్లలే కనిపెడతారు. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో బంకర్, థార్ప్ 1982లో ఈ వరసనే ప్రతిపాదించారు. ముందు ఆట అర్థం కావాలి, ఆ ఆటలో తనకు ఏది చేతకావడం లేదో పిల్లకు తెలియాలి, అప్పుడు కసరత్తు ఇవ్వాలి. బ్యాక్‌హ్యాండ్ వైపు వచ్చిన ప్రతి బంతీ పోతోందని గ్రహించిన పిల్ల ఐదు నిమిషాల బ్యాక్‌హ్యాండ్ డ్రిల్లును అన్నం ముందుకు వచ్చినంత ఇష్టంగా చేస్తుంది. ఆ గ్రహింపు లేని పిల్లకు అదే డ్రిల్లు శిక్ష.

మన పిల్లల ఆటల్లోనే ఈ పాఠాలకు పనికొచ్చే సరుకు బోలెడు ఉంది. ఏడుపెంకులాటలో పేర్చిన పెంకుల మీదికి బంతి విసిరేటప్పుడు పిల్ల పక్కకు తిరుగుతుంది, వెనక కాలి మీది బరువు ముందు కాలి మీదికి మారుస్తుంది, నడుము, భుజం, మోచేయి, మణికట్టు వరసగా విప్పుకుంటాయి. సర్వ్‌కు కావలసిన గొలుసు అదే. మధ్యలో ఒక తాడు కట్టి, దాని పైనుంచే విసరాలని నియమం పెడితే చేయి తనంతట తాను తల పైకి లేస్తుంది. నేలా బండా ఆటలో దొంగ ఎటు కదులుతాడో అని మిగతావాళ్లు మునివేళ్ల మీద తేలిగ్గా ఊగుతూ నిలబడతారు. ఎదుటివాడు బంతి కొట్టే క్షణానికి ఆటగాడు వేసే చిన్న గంతుకు అది తొలి రూపం. అచ్చంగాయలాటలో పైకెగరేసిన రాయి తిరిగి దిగేలోపు కింద ఉన్నవి ఏరుకోవాలంటే పైది ఎంతసేపు గాల్లో ఉంటుందో లోపల ఒక గడియారం చెప్పాలి. ఆ గడియారం టెన్నిస్‌కూ పనికొస్తుంది. ఈ ఆటలు ఆడితే టెన్నిస్ దానంతట వస్తుందని అనడం లేదు. ఇవి ఆడిన ఒళ్లు, ఆడని ఒళ్లు ఒకటి కావని మాత్రం అంటున్నాను. ఇవాళ రాకెట్ పట్టే పిల్లల్లో చాలామంది వీటిని ఆడకుండానే కోర్టుకు వస్తున్నారు కాబట్టి, ఆ లోటు కోర్టులోనే తీర్చాలి.

ఒకే దూరం నుంచి ఒకే దెబ్బను పదేపదే కొట్టించడం మంచిదా, మార్చి మార్చి కొట్టించడమా? దీనికి 1978 నాటి కెర్, బూత్‌ల ప్రయోగం ఇప్పటికీ ఆసక్తికరమే. ఎనిమిదేళ్ల పిల్లల్లో ఒక జట్టు మూడడుగుల దూరంలోని గురి మీదికే చిన్న సంచిని విసరడం సాధన చేసింది. రెండో జట్టు రెండడుగుల, నాలుగడుగుల దూరాల నుంచి మార్చి మార్చి విసిరింది. చివర అందరికీ మూడడుగుల పరీక్ష పెట్టారు. ఆ దూరాన్ని ఎన్నడూ సాధన చేయని రెండో జట్టే గురి బాగా కొట్టింది. దీన్ని పట్టుకుని డ్రిల్లులన్నీ కలగాపులగం చేయాలనుకోవడం కూడా పొరపాటే. తర్వాత వచ్చిన పరిశోధనల్లో చిన్నపిల్లల విషయంలో ఫలితాలు అటూ ఇటూ ఉన్నాయి. బంతిని తాకడమే గగనంగా ఉన్న పిల్లకు ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్, వాలీ కలిపి వడ్డిస్తే దేన్నీ జీర్ణం చేసుకోలేదు. మొదట్లో కొంత ఒకేచోటి సాధన, పట్టు చిక్కగానే దూరం, ఎత్తు, దిశ మార్చడం, ఇదే తెలివైన దారి. కోచ్ అనుభవానికి పని ఉన్నది ఇక్కడే. ఆట మరీ తేలికైతే పిల్ల దిక్కులు చూస్తుంది, మరీ కష్టమైతే మంచినీళ్ల సీసా దగ్గరికి పోతుంది. ఆ రెంటి మధ్య ఉన్న గీత ప్రతి పిల్లకూ వేరు, ప్రతి వారమూ జరుగుతుంది.

మాటల గురించి కూడా ఒక మాట. "మణికట్టు బిగించు, మోకాళ్లు వంచు, భుజం తిప్పు, కన్ను బంతి మీద పెట్టు" అని ఒక్క గుక్కలో చెబితే ఆరేళ్ల బుర్రలో మిగిలేది చివరి మాట, అదీ సగం. రిచ్ మాస్టర్స్ 1992లో గోల్ఫ్ బంతిని గుంటలోకి నెట్టడం నేర్చుకునే పెద్దవాళ్ల మీద చేసిన ప్రయోగంలో, సూచనలు చదివి నేర్చుకున్నవాళ్లు ఒత్తిడి పెరిగినప్పుడు వెనకబడ్డారు. సూచనల మీద మనసు పెట్టే వీలు లేకుండా నేర్చుకున్నవాళ్లు నిలబడ్డారు. శరీరానికి తెలిసినదాన్ని నోరు మధ్యలో దూరి చెడగొడుతుందన్నమాట. "మోకాళ్లు వంచు" అనే బదులు నెట్ మీద ఒక అడుగు ఎత్తున తాడు కట్టి, బంతి దాని పైనుంచి పోవాలంటే చాలు. కింది నుంచి పైకి తిప్పకపోతే అది పోదు, మోకాళ్లు వాటంతట అవే వంగుతాయి.

ఇక అభ్యంతరాలు. మొదటిదీ, అన్నిటికన్నా బలమైనదీ: పద్ధతి నేర్పకుండా ఆడిస్తే చెడు అలవాట్లు ముదిరిపోవా? మాస్కోలోని స్పార్టాక్ క్లబ్బులో లరీసా ప్రియోబ్రజెన్‌స్కయా అనే పెద్దావిడ బంతి లేకుండా రాకెట్‌ను నెమ్మదిగా తిప్పించి, మొదటి మూడేళ్లు పోటీలకే పంపకుండా నేర్పేది. ఆ నేల మీంచే అన్నా కుర్నికోవా వచ్చింది. దీన్ని ఆటల పద్ధతికి ఎదురు సాక్ష్యంగా చూపుతారు. నాకు అది సగం సాక్ష్యంగానే కనిపిస్తుంది. బంతిని పక్కన పెట్టడం కూడా పెద్దల బంతి నుంచి పిల్లను కాపాడే ఒక ఉపాయమే. ఆమె చేసిన పనిని ఎర్రబంతి ఇంకో దారిలో చేస్తుంది, పైగా చూపునూ కాళ్లనూ వదిలిపెట్టదు. చెడు అలవాట్ల సంగతికొస్తే, భుజాల ఎత్తుకు లేచే పసుపు బంతిని కొట్టలేక పిల్లలు పిడిని విపరీతంగా కిందికి తిప్పి పట్టుకుంటారు. అదే పట్టుతో తర్వాత కింద పడే బంతినీ వాలీనీ ఆడలేక అవస్థ పడతారు. ముదిరే చెడు అలవాట్లలో ఇది ముందుంటుంది, దాన్ని పుట్టించింది ఆట కాదు, బంతి.

రెండో అభ్యంతరం మన ఇళ్లలో వినిపించేది: సానియా మీర్జా ఎర్రబంతితో నేర్చుకుందా? ఆరేళ్లకు హైదరాబాద్‌లో రాకెట్ పట్టిన ఆమె కాలానికి ఈ నియమం లేనే లేదు, అయినా ఆరు గ్రాండ్‌స్లామ్ డబుల్స్ టైటిళ్లు గెలిచింది. ఆండ్రీ అగస్సీ చిన్నతనంలో తండ్రి అమర్చిన యంత్రం ముందు రోజుకు 2,500 బంతులు కొట్టాడు, ఎనిమిది గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచాడు. నిజమే. కాని అదే తండ్రి చేతుల్లో అతనికన్నా ముందు తర్ఫీదు పొందిన అన్న, అక్క ఆ ఎత్తుకు చేరలేదు. టెన్నిస్ అంటే తనకు ద్వేషమని అగస్సీయే 2009లో వచ్చిన తన ఆత్మకథ 'ఓపెన్'లో రాసుకున్నాడు. గెలిచినవాళ్ల పేర్లు మనకు తెలుస్తాయి, అదే శిక్షణలో విసిగి రాకెట్ వదిలేసినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. ఒక నేర్పే విధానం మంచిచెడ్డలు తూచేటప్పుడు ఆ రెండో జాబితాను కూడా తక్కెడలో వేయాలి.

మూడోది: నెమ్మది బంతికి అలవాటు పడితే పసుపు బంతి వచ్చినప్పుడు చేతులెత్తేయరా? అందుకే మెట్లు మూడు పెట్టింది. మెట్టుకూ మెట్టుకూ మధ్య బంతి వేగం పసుపు బంతి వేగంలో నాలుగో వంతు చొప్పున పెరుగుతుంది, పిల్ల కూడా ఈలోపు ఎదుగుతుంది. ప్రమాదం మెట్లలో లేదు, మెట్టు దాటించే తొందరలో ఉంది. పక్కింటి అబ్బాయి ఆకుపచ్చ బంతి ఆడుతున్నాడని మన పిల్లను ఎర్రబంతి నుంచి ఎత్తి అక్కడ పడేయకూడదు. పది దెబ్బల ర్యాలీ తడబడకుండా ఆడగలిగి, సర్వ్ పెట్టి, తన పాయింట్లు తాను లెక్కపెట్టుకోగలిగితే అప్పుడు పై మెట్టు.

ఆటల పేరుతో జరిగే ఒక తప్పును కూడా చెప్పాలి. ఓడినవాళ్లు బయటికి పోయే ఆటలు పిల్లల శిక్షణలో పెట్టకూడదు. వాటిలో ముందు బయటికి పోయేది సాధన ఎక్కువ అవసరమైన పిల్లే, చివరిదాకా బరిలో ఉండేది అంతగా అవసరం లేని పిల్ల. ఓడితే పక్క కోర్టుకు మారాలి, లేదా ఇద్దరూ కలిసి ఎన్ని దెబ్బలు తిప్పగలరో లెక్కపెట్టి నిన్నటి తమ లెక్కనే దాటాలి. ఎవరూ ఖాళీగా కూర్చోని ఆటే శిక్షణకు పనికొచ్చే ఆట.

ఇదంతా డబ్బున్న క్లబ్బుల మాట అనుకునేవాళ్లకు: ఎర్రకోర్టుకు టెన్నిస్ కోర్టే అక్కరలేదు. బ్యాడ్మింటన్ కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు. మన ఊళ్లలో, కాలనీల్లో, బళ్లలో ఉన్న బ్యాడ్మింటన్ కోర్టు నెట్‌ను 80 సెంటీమీటర్లకు దించితే అది చక్కని ఎర్రకోర్టు. అదీ లేకపోతే బడి ముంగిట్లో సుద్దగీతలు, రెండు కుర్చీల మధ్య తాడు. ఎర్రబంతి దొరకని చోట స్పాంజి బంతి బాగానే పనిచేస్తుంది. గాలి తగ్గిన పాత పసుపు బంతి కాస్త తక్కువ లేస్తుంది కాని బరువు తగ్గదు, కాబట్టి దాన్ని ఆఖరి మార్గంగానే చూడాలి. రాకెట్లు లేని రోజు పలచని చెక్కతో కోసిన అరచేతి బ్యాట్‌లతో మొదలుపెట్టవచ్చు. ప్రభుత్వ బడిలో వ్యాయామ ఉపాధ్యాయులు తలుచుకుంటే ఒక పీరియడ్లో నలభై మందిని ఇలా ఆడించడం అసాధ్యమేమీ కాదు.

వేసవి వస్తోందంటే శిబిరాల బోర్డులు వెలుస్తాయి. మీ పిల్లను చేర్చే ముందు ఒక సాయంత్రం అక్కడికి వెళ్లి, కంచె బయట అరగంట నిలబడండి. మీ పిల్ల ఈడు పిల్లను ఒకరిని ఎంచుకుని, బంతి ఎన్నిసార్లు తాకిందో, ఎంతసేపు వరసలో నిలబడిందో, బంతి ఆ పిల్ల నడుము దగ్గరికి వస్తోందో తల మీంచి పోతోందో చూడండి. బంతి రంగు అడగండి. ఆ తర్వాతే ఫీజు కట్టండి.